అంగుళం ఎత్తు... మూడు డిగ్రీల తంటా!

సినిమాలో జీపు చెడిపోదు. చెడిపోయినా హీరోయిన్ ఎక్కిన రోజే చెడిపోతుంది. హీరోగారు దిగి బానెట్ ఎత్తుతారు, బుగ్గకి కాస్త మసి పూసుకుంటారు, ఈలోగా వాన వస్తుంది, పాట మొదలవుతుంది. పాట అయ్యేసరికి జీపు దానంతటదే బాగయిపోతుంది! ఇంజను సంగతి సరే. ఇన్నేళ్ళుగా ఇన్ని సినిమాలు చూశాను గానీ జీపు ముందు చక్రాల గురించి ఒక్క డైలాగు చెప్పిన హీరోని చూడలేదు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు ఈమధ్య ఒక రోజంతా బెజవాడ ఆటోనగర్లో, ఒక జీపు ముందు ఇరుసు పక్కన, మూడు కాళ్ళ స్టూలు మీద కూచున్నాను. కాలక్షేపానికి కాదండోయ్, ఆ బండి ఎక్కి ఘాట్ రోడ్డు దిగవలసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి!

జీపు అన్నానే గానీ అది మారుతి జిప్సీ. మన ఊళ్ళలో కొండ ఎక్కే బండి ఏదైనా జీపే కదా. 1985లో వచ్చింది ఈ జిప్సీ. ఇప్పుడు షోరూములో కొత్తది దొరకదు, పాతదాన్నే సింగారించుకోవాలి. ముందూ వెనకా కూడా గట్టి ఇరుసులు, నాలుగు మూలలా కమాన్ కట్టలు. అంటే లారీకి ఉండే ఏర్పాటే, కాస్త చిన్న సైజులో. అందుకే కొండవాళ్ళకీ, మిలటరీవాళ్ళకీ, సినిమావాళ్ళకీ ఇదంటే అంత ఇష్టం.

ఈ బండి యజమాని ఒక కుర్రాడు. పాతికేళ్ళుంటాయి. అప్పు చేసి కొన్నాడు, షూటింగులకి అద్దెకిస్తాడు. మామూలు ఎత్తులో ఉంటే ఎవరూ అడగటం లేదని ఇంకో ఊళ్ళో ఎక్కడో దాన్ని ఎత్తు పెంచించాడు. వంపు ఎక్కువున్న కొత్త కమాన్ కట్టలు, వాటి చివర పొడుగాటి షాకిళ్ళు, ఇంత లావు టైర్లు. నిజం చెప్పాలంటే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పక్కన మామూలు కారు ఆగితే గేదె పక్కన మేకపిల్ల ఆగినట్టుంది. ఒక కొత్త దర్శకుడుగారు చూసి మోజుపడ్డారు. మారేడుమిల్లి అడవిలో పాట, హీరో స్వయంగా నడుపుతాడు, పక్కన హీరోయిన్, అయిదు రోజుల కాల్షీటు. ముందు ఒకసారి లొకేషన్లు చూసివద్దామని దర్శకుడూ, కెమెరామనూ, ప్రొడక్షన్ మేనేజరూ ఆ జిప్సీలోనే బయల్దేరుతుంటే, రాసుకోవడానికి ఏదైనా దొరుకుతుందని నేనూ వెనక సీట్లో ఇరుక్కున్నాను.

దొరికింది! గన్నవరం దాటాక.

స్పీడు అరవై మీద ఉంది. రోడ్డు అద్దంలా ఉంది. ఎదురుగా ఒక వంతెన, వంతెన మొదట్లో చిన్న అతుకు. చక్రం ఆ అతుకు మీద 'టక్' మనడం విన్నాను. అంతే! ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఎడమకీ కుడికీ కొట్టుకోవడం మొదలెట్టాయి. స్టీరింగు కుర్రాడి చేతుల్లోంచి లాక్కుంటోంది. డాష్‌బోర్డు మీద పెట్టిన కళ్ళజోడు ఎగిరి మేనేజరుగారి ఒళ్ళో పడింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. కుర్రాడు కంగారుపడి బ్రేకు తొక్కలేదు, అదొక్కటే మా అదృష్టం. యాక్సిలరేటరు వదిలేసి, స్టీరింగు బిగించి పట్టుకుని, వేగం ముప్ఫైకి పడేదాకా ఓపికపట్టాడు. ముప్ఫైలో ఆ ఊపు ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"అరవై దాటి ఎక్కడైనా అతుకు తగిల్తే అప్పుడప్పుడూ ఇలా అవుతుందండి. అలవాటైపోతుంది" అన్నాడు కుర్రాడు.

దర్శకుడుగారి మొహంలో రక్తం లేదు. "రేపు హీరోయిన్ కూచున్నాక ఇలా అయితే?" అన్నారు. హీరోయిన్ సంగతి తర్వాత... ఇప్పుడు కూచున్నది మేం కదా అనుకున్నాను నేను. బండి వెనక్కి తిప్పించారు. నలభైలో, సైకిలువాళ్ళతో పోటీపడుతూ, మళ్ళీ బెజవాడ చేరాం.

ఆటోనగర్ అనే ఊరు

బెజవాడ వెళ్ళినవాళ్ళు కనకదుర్గమ్మ కొండ చూస్తారు, ప్రకాశం బ్యారేజీ చూస్తారు, సాయంత్రం ఒక సినిమా చూస్తారు. ఆటోనగర్ ఎవరూ చూడరు. 2014లో నాగచైతన్యతో 'ఆటోనగర్ సూర్య' వచ్చినప్పుడు కుర్రకారుకి కాస్త పేరు తెలిసింది. కానీ సినిమాలో కనిపించేది పోట్లాట. అసలు ఆటోనగర్లో వినిపించేది సుత్తి.

ఊళ్ళో ఊరు అది. ఒక వీధి మొత్తం లారీ బాడీలు కట్టేవాళ్ళే. చెక్క కోసే రంపం ఒక పక్క, రేకు కొట్టే సమ్మెట ఇంకో పక్క. మరో వీధిలో లేతు మిషన్లు, ఇంకో సందులో రేడియేటర్లకి టంకం వేసేవాళ్ళు. లారీ వెనక తలుపు మీద పువ్వులూ, చిలకలూ, అమ్మానాన్నల దీవెనలూ రాసే ఆర్టిస్టులు వేరే. ఒకాయన నడుం వంచకుండా, స్కేలు పెట్టకుండా, గుండ్రటి అక్షరాలు గీసేస్తుంటే కాసేపు నిలబడిపోయాను. మన సినిమా పోస్టర్ల మీద అక్షరాలు చేత్తో రాసిన రోజులు గుర్తొచ్చాయి.

కమాన్ కట్టల వీధిలో ఒక షెడ్డు ముందు ఆగాం. మేస్త్రిగారికి డెబ్బై దగ్గర పడుతుంటాయి. లుంగీ, బనీను, చెవి మీద సుద్దముక్క. కుర్రాడు "బాబాయ్, అలైన్‌మెంట్ పోయింది" అన్నాడు. మేస్త్రిగారు బండిని పైనించి కిందికీ, కిందనించి పైకీ ఒకసారి చూసి, "పోయిందా, పోగొట్టావా?" అన్నారు.

కుర్రాడు డిక్కీలోంచి రెండు వస్తువులు తీశాడు. ఒకటి, ఒక అలైన్‌మెంట్ షాపువాళ్ళు ఇచ్చిన కంప్యూటర్ కాగితాలు, మూడుసార్లు చేయించినవి. రెండోది, కొత్తగా కొన్న స్టీరింగ్ డాంపర్, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. అది బిగిస్తే ఊపు ఆగిపోతుందని ఎవరో చెప్పారట.

మేస్త్రిగారు పెట్టెని పక్కన పెట్టించారు. "దగ్గుకి మందు ఇది. ముందు జ్వరం ఎందుకొచ్చిందో చూద్దాం." తర్వాత కాగితాలు దూరంగా పట్టుకుని చదివారు. మూడు కాగితాల్లోనూ 'టో' అన్నచోట ఆకుపచ్చ ఉంది. 'కాస్టర్' అన్నచోట మూడుసార్లూ ఎర్రగానే ఉంది. "చూడబ్బాయ్! కంప్యూటర్ మూడుసార్లు చెప్పింది. మీరే వినలేదు!"

ఇక్కడ మనవాళ్ళకి ఒక మాట చెప్పాలి. గట్టి ఇరుసు ఉన్న బండికి అలైన్‌మెంట్ షాపులో తిప్పి సరిచేయడానికి ఉండేది ఒక్కటే, టో. రెండు చక్రాలూ ముందువైపు ఎంత దగ్గరగా ఉన్నాయి, వెనకవైపు ఎంత దూరంగా ఉన్నాయి అనే లెక్క. టై రాడ్ తిప్పితే అది మారుతుంది. మిగతా కోణాలకి తిప్పే మర ఏదీ ఉండదు. అవి ఇరుసు ఎలా కూచుందో దాన్నిబట్టి ఉంటాయి. కాబట్టి మిషను ఎర్ర దీపం చూపిస్తుంది, షాపువాడు టో ఆకుపచ్చ చేసి, డబ్బు పుచ్చుకుని పంపించేస్తాడు.

ముందు నొప్పి ఎక్కడో తెలియాలి

మేస్త్రిగారు కోణాల జోలికి వెంటనే పోలేదు. "అరిగిన సామాను మీద కొలతలు తియ్యకూడదు" అన్నారు. జాకీ మీద ముందు భాగం లేపించి, కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపారు. టకటకమంది. నాకైతే అక్కడితో తేలిపోయినట్టే అనిపించింది. ఆయన మాత్రం "ఒరేయ్, బ్రేకు తొక్కి పట్టుకో" అని శిష్యుణ్ణి లోపల కూచోబెట్టి మళ్ళీ ఊపారు. మళ్ళీ టకటక. "బ్రేకు తొక్కితే ఆట పోయిందనుకోండి, చక్రం బేరింగు. తొక్కినా పోలేదంటే కింగ్ పిన్" అన్నారు నావైపు తిరిగి. ఇంత చిన్న కిటుకు! డిటెక్టివ్ సినిమా క్లైమాక్సులో కూడా ఇంత శుభ్రంగా దొంగని పట్టుకోరు.

తర్వాత బండి నేల మీదికి దించి, శిష్యుణ్ణి స్టీరింగు కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పమని, తను కింద పడుకుని ఒక్కో బాల్ జాయింటు మీదా అరచెయ్యి వేసి చూశారు. ఎడమవైపు టై రాడ్ చివర వదులు. అది చేతికి తెలుస్తుందట, కంటికి కనిపించకముందే. నన్నూ వెయ్యమన్నారు చెయ్యి. నిజమే, రబ్బరు తొడుగు కింద సన్నగా ఏదో గంతేస్తోంది.

కింగ్ పిన్ విప్పితే కింది బేరింగు గిన్నెలో వరసగా గుంటలు పడి ఉన్నాయి. చక్రం తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు ఎక్కడ ఆనతాయో సరిగ్గా అక్కడే! స్టీరింగు ఆ గుంటల్లో పడి లేస్తూ తిరుగుతోందన్నమాట. పెద్ద టైరు బరువుకి ఇది తొందరగా వస్తుందన్నారు మేస్త్రిగారు. కొత్త బేరింగులు వేసి, పల్చటి షిమ్ములు ఒకటి తీసి ఒకటి పెట్టి, చివరికి కూరల బండి దగ్గర ఉంటుందే, అలాంటి కొక్కెం త్రాసు ఒకటి తెచ్చి, టై రాడ్ తగిలించే కన్నానికి వేసి లాగారు. ఎంత బరువుకి కదిలిందో చూసుకుని తల ఊపారు. మరీ తేలిగ్గా కదిలితే చక్రం వణుకుతుంది, మరీ బిగుసుకుంటే స్టీరింగు వెనక్కి రాదు. ఈ పనంతా మధ్యాహ్నం భోజనాల వేళకి తేలింది.

మేనేజరుగారు గడియారం చూసుకుని "అయిపోయినట్టేనా?" అన్నారు.

"సగం" అన్నారు మేస్త్రిగారు.

సైకిలు చెప్పిన పాఠం

ఆ రెండో సగమే అసలు కథ. ఆయన షెడ్డు గోడకి ఆనించి ఉన్న సైకిలు చూపించారు. "బాబూ, చేతులు వదిలేసి సైకిలు తొక్కారా ఎప్పుడైనా?" తొక్కని మగపిల్లలెవరండీ మన దేశంలో... గర్ల్స్ హైస్కూలు ముందు మరీను! "పడిపోకుండా తిన్నగా ఎందుకు పోతుంది?" తెలియదన్నాను.

సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పై భాగం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు గీతని నేల దాకా పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటుకి కాస్త ముందు తగులుతుంది. అంటే చక్రం ఎప్పుడూ తన ఇరుసు గీత వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. ఈడ్చుకొచ్చే వస్తువు తిన్నగానే వస్తుంది. మేస్త్రిగారు బండి కింద దూరడానికి వాడే చక్రాల పలకని కాలితో తోసి చూపించారు. ఎటు తోస్తే అటు, దాని చిన్న చక్రాలు నాలుగూ గిర్రున తిరిగి వెనకబడి నడిచాయి. కాస్టర్ అంటే అదే. జిప్సీకి మూడున్నర డిగ్రీల దాకా ఆ వాలు ఉండాలి.

"మరి మనదాన్లో ఎంతుంది బాబాయ్?" అన్నాడు కుర్రాడు. శిష్యుడు తన సెల్ ఫోన్ తీసి, అందులో మట్టం చూపించే ఏర్పాటు నొక్కి, కింగ్ పిన్ పైమూత మీద నిలబెట్టాడు. (పాతకాలంలో దీనికి డయలు ఉండేదట, ఇప్పుడూ ఉంది గానీ ఫోనే చేతికి ముందొస్తోంది!) అర డిగ్రీ! ఒక పక్క అర, ఇంకో పక్క అంతకన్నా తక్కువ.

మిగతా మూడు డిగ్రీలూ ఏమయ్యాయి?

ఆ పొడుగాటి షాకిళ్ళు మింగేశాయి. జిప్సీ ముందు కమాన్ కట్టకి వెనక చివర ఛాసిస్‌కి స్థిరంగా ఉంటుంది, ముందు చివర షాకిల్‌కి వేళ్ళాడుతుంది. కంపెనీ షాకిల్ కన్నా ఇవి రెండంగుళాలు పొడుగు. బండి రెండంగుళాలు లేచిందని కుర్రాడి నమ్మకం. మేస్త్రిగారు ఒక కర్ర తీసి, ఒక చివర నేలకి ఆనించి, రెండో చివర లేపి, "మధ్యలో చూడు" అన్నారు. చివర రెండంగుళాలు లేస్తే మధ్యలో లేచేది అంగుళమే! ఇరుసు ఉండేది మధ్యలోనే కదా. పోనీ అంగుళమైనా దక్కిందనుకుంటే, కట్ట ముందు చివర కిందికి వాలిపోయింది, దాని మీద కూచున్న ఇరుసు కూడా పెళ్ళికూతురిలా తల ముందుకి వంచేసింది. పడకకుర్చీలో వెనక్కి ఆనుకుని దర్జాగా కూచోవలసింది! ఆ వంగిన తల విలువే మూడు డిగ్రీలు.

చక్రానికి వెనకబడి నడిచే గుణం పోయింది, బేరింగులో గుంటలు, టై రాడ్ వదులు. ఇక రోడ్డు మీద అతుకు తగలగానే ఒక చక్రం అటు పోతుంది, ఇంకోటి లాగుతుంది, తిన్నగా రావాలని వాటికి గుర్తుచేసే నాథుడు లేడు. గన్నవరం దగ్గర మేం చూసిన పూనకం అదన్నమాట. డాంపర్ బిగించి ఉంటే నాలుగు నెలలు దాక్కునేది, ఆ తర్వాత ఘాట్ రోడ్డులో బయటపడేది.

అంగుళం కోసం పంచాయితీ

మేస్త్రిగారు రెండు దారులు చెప్పారు. మొదటిది: షాకిళ్ళు అలాగే ఉంచి, కట్టకీ ఇరుసుకీ మధ్య ఇనప చీలలు పెట్టడం. జిప్సీలో ఇరుసు కట్ట మీద కూచుంటుంది కాబట్టి చీల లావు వైపు ముందుకి పెడితే ఇరుసు తల వెనక్కి వాలుతుంది. కానీ మూడు డిగ్రీలు వెనక్కి వాల్చేసరికి, ఇరుసు వెనకవైపు ఉండే పళ్ళచక్రం మూతి కిందికి దిగిపోతుంది. దానికి తగిలించిన ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు మరింత వంకర తిరుగుతుంది. హైవే మీద ఏమీ తెలియదు. అడవిలో నాలుగు చక్రాల గేరు వేసి రాళ్ళ మీద ఎక్కించినప్పుడు అది గోల పెడుతుంది. రెండో దారి: పొడుగు షాకిళ్ళు పీకేసి కంపెనీవి పెట్టడం. అంగుళం పోతుంది, డిగ్రీలు వస్తాయి.

కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. "ఎత్తు చూసే కదా బాబాయ్ బుక్ చేశారు! తగ్గిస్తే ఇంకో బండి చూసుకుంటారు." మాట దర్శకుడుగారికి తగలాలనే అన్నాడు. తగిలింది కూడా. ఆయన తాడేపల్లి వైపు ఆకాశంలోకి చూస్తున్నారు. మేనేజరుగారు మధ్యలో చట్టం తెచ్చారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ లెక్కలకి విరుద్ధంగా బండి మార్చకూడదంటుంది, 2019లో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది, చెక్‌పోస్టులో ఆపితే కాల్షీట్ల నష్టం ఎవరు భరిస్తారు అని ఆయన బాధ. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ సెక్షను ఆయనకి గన్నవరం దాటాకే గుర్తొచ్చింది, అంతే!

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని కెమెరామన్‌గారు లేచారు. ఒక గోనెసంచి తెచ్చి బండికి పది అడుగుల దూరంలో పరిచి, దాని మీద బోర్లా పడుకున్నారు, ఆటోనగర్ ఆయిలు మరకల నేల మీద, ఉతికిన తెల్ల చొక్కాతో! గడ్డం నేలకి ఆనించి ఒక కన్ను మూసి చూశారు. "డైరెక్టర్ గారూ, ఇలా రండి. పడుకోండి."

దర్శకుడూ పడుకున్నారు. నేనూ పడుకున్నాను, చూడకుండా ఉండలేక.

నేలకి జానెడు ఎత్తులోంచి చూస్తే ఆ జిప్సీ బండిలా లేదండీ, కొండలా ఉంది! టైరు మొహం మీదికి వస్తోంది, బానెట్ ఆకాశానికి తగులుతోంది. "కాస్త వెడల్పు లెన్సు పెట్టి ఇక్కణ్ణించి తీస్తే ఆ అంగుళం స్థానంలో అడుగు ఎత్తు ఇస్తాను. మీరు షాకిళ్ళు తీయించండి" అన్నారు కెమెరామన్‌గారు. బొమ్మలో ఎత్తుకి కావలసింది కెమెరా కిందికి దిగడం. మన పాత సినిమాల్లో రాక్షసుల్ని, రాజుల్ని పెద్దగా చూపించిన చిట్కా అదే కదా. మేస్త్రిగారు ఆయన్ని మొదటిసారి గౌరవంగా చూసి టీ చెప్పించారు.

కుర్రాడు అట్టే పేచీ పెట్టలేదు. అయిదు రోజుల కాల్షీటు నిలిచింది, అది చాలు వాడికి.

పాత షాకిళ్ళు అదృష్టవశాత్తూ వాళ్ళింట్లోనే ఉన్నాయి. తెప్పించి బిగించాక మళ్ళీ ఫోను పెట్టి చూస్తే రెండున్నర. వంపు ఎక్కువున్న కట్టల వల్ల ఇంకా ఒక డిగ్రీ బాకీ. దానికి మాత్రం ఒక డిగ్రీ చీల పెట్టారు, ఉక్కుది. అల్యూమినియం చీలలు తేలిగ్గా దొరుకుతాయి గానీ బరువుకి నలిగి పగులుతాయట. చీల లావుకి సరిపడా కట్ట నడిమి బోల్టు కూడా పొడుగుది వెయ్యాలి. ఒక డిగ్రీయే కాబట్టి షాఫ్ట్‌కి పెద్ద ఇబ్బంది లేదు.

చిట్టచివర టో. ఏ మిషనూ లేదు. చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పుతూ టైరు నడిమికి సుద్ద రాశారు, సుద్ద మీద మేకుతో సన్నటి గీత గీశారు. రెండో చక్రానికీ అంతే. బండి దించి, కాస్త ముందుకీ వెనక్కీ తోసి కట్టలు సర్దుకోనిచ్చి, గీతకీ గీతకీ మధ్య దూరం ఇరుసు ఎత్తులో ముందొకసారి, వెనకొకసారి టేపుతో కొలిచారు. ముందు దూరం వెనకదానికన్నా రెండు నుంచి ఆరు మిల్లీమీటర్లు తక్కువుండాలి. నాలుగు దగ్గర ఆపి నట్టు బిగించారు.

స్టీరింగు చక్రం ఇంకా కాస్త వంకరగా ఉంది. ఎత్తు పెంచిన బండ్లన్నిటికీ వచ్చే జబ్బే ఇది. ఇరుసు కిందికి పోయేసరికి డ్రాగ్ లింకు ఏటవాలుగా తిరిగి చక్రాల్ని ఒక పక్కకి లాగుతుంది. కుర్రాడు "స్టీరింగు ఊడదీసి తిన్నగా పెట్టేద్దామా?" అన్నాడు. మేస్త్రిగారు కొట్టినంత పని చేశారు. స్టీరింగు బాక్సుకి లోపల నడిమి చోటు ఒకటుంటుంది, అక్కడే అది బిగువుగా ఉంటుంది. పై చక్రం ఊడదీసి పెడితే కంటికి తిన్నగా ఉంటుంది గానీ బాక్సు మాత్రం వంకరగానే నడుస్తుంది. డ్రాగ్ లింకు పొడుగు సర్ది, బాక్సు నడిమి చోటుకి తెచ్చారు.

సాయంత్రం ఆరింటికి అదే వంతెన మీదికి వెళ్ళాం. యాభై... టక్. ఏమీ లేదు. అరవై... టక్. కుర్రాడు ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. డెబ్బై. ఎనభై! మేనేజరుగారు కళ్ళజోడు జేబులో పెట్టుకున్నారు ముందు జాగ్రత్తగా. తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

కొండ దారిలో

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరి, ఏలూరు దాటి కొవ్వూరు దారి పట్టాం. 1974లో తెరిచిన గోదావరి రోడ్డు-రైలు వంతెన మీదుగానే వెళ్ళాలని పట్టుబట్టింది నేను. సూర్యోదయం కోసమని చెప్పాను. అసలు కారణం, ఆ వంతెనకి అతుకులు లెక్కలేనన్ని! కింద రైలు, పైన మేం, పక్కన ఎర్రటి గోదావరి. అతుకు అతుక్కీ 'టక్... టక్...' అని తాళం పడుతోంటే బండి తిన్నగా, బుద్ధిమంతుడిలా నడిచింది. 1973లో బాపు 'అందాల రాముడు' పడవ ఈ నీళ్ళమీదే భద్రాచలం దాకా ప్రయాణం చేసింది. మాది నేల దారి.

రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం. గోకవరం దాటాక గాలి మారుతుంది, రోడ్డుకి రెండు పక్కలా చెట్లు దగ్గరకొస్తాయి. రంపచోడవరం. ఈ మన్యం పేరు చెప్తే 1922లో పోలీసు స్టేషన్ల మీద దాడులు చేసిన అల్లూరి గుర్తొస్తాడు, అల్లూరి పేరు చెప్తే మనవాళ్ళకి 1974 నాటి కృష్ణ సినిమా గుర్తొస్తుంది. రెండూ ఈ కొండల వరసలోనివే. మారేడుమిల్లిలో టీ కొట్టు దగ్గర మాత్రం ఎవర్నడిగినా 2021 నాటి 'పుష్ప' గురించే చెప్తారు. లారీలు ఎక్కడ ఆపారో, ఏ మలుపులో తీశారో, వేలుపెట్టి చూపిస్తారు.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఒక మలుపు తిరిగేసరికి ఇంకో మలుపు. వెదుళ్ళు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. పక్కన ఎక్కడో నీళ్ళ చప్పుడు, జలతరంగిణి అట దాని పేరు. ఎవరు పెట్టారో గానీ చెవి ఉన్నవాడు! అక్కడ కుర్రాడు స్టీరింగు నాకిచ్చాడు. మొదటి హెయిర్‌పిన్ మలుపు పూర్తిగా కోసి, చేతులు కొంచెం వదులు చేశాను. స్టీరింగు చక్రం నా అరచేతుల్లోంచి దానంతటదే జారుతూ తిన్నగా వచ్చి ఆగింది. "నిన్నటిదాకా ప్రతి మలుపులోనూ దీన్ని నేనే లాక్కొచ్చేవాణ్ణండి. ఈ బండి తత్వమే అంత అనుకునేవాణ్ణి" అన్నాడు కుర్రాడు. ఆ మూడు డిగ్రీలంటే ఏమిటో నాకు కాగితం మీదకన్నా ఆ మలుపులో బాగా తెలిసింది.

పాములేరు దగ్గర ఒక మట్టి దారి దర్శకుడుగారికి నచ్చింది. కెమెరామన్‌గారు గోనెసంచి వెంట తెచ్చుకున్నారు! మళ్ళీ పడుకుని, ఫోనులో తీసి చూపించారు. వెదురు వెలుగులో, దుమ్ము లేపుకుంటూ జిప్సీ మా మీదికి వస్తోంది, ఏనుగంత. కుర్రాడు ఆ ఫోటో పంపమని మూడుసార్లు అడిగాడు.

రాత్రి మారేడుమిల్లిలో బొంగులో చికెన్ చెప్పాం. నూనె లేకుండా, పచ్చి వెదురు గొట్టంలో కూరి, ఆకుతో మూతి కట్టి, నిప్పుల మీద కాలుస్తారు. గొట్టం చీల్చి ఆకులో పోసేసరికి ఆ ఘుమఘుమకి మేం నలుగురం ఆగలేదు. కుర్రాడొక్కడే రాలేదు. కట్టలకి కొత్తగా బిగించిన యూ బోల్టులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక సర్దుకుని వదులవుతాయి, మర్చిపోకుండా మళ్ళీ బిగించమని మేస్త్రిగారు చెప్పి పంపారు. టార్చి నోట్లో పెట్టుకుని, పానా పట్టుకుని, బండి కింద ఉన్నాడు. "అబ్బాయ్, చల్లారిపోతోందయ్యా!" అని కేకేశాను.

"ఇంకో రెండు నట్లండి... మీరు తింటూండండి" అని కింద నుంచి వినిపించింది.